ముడి వేశాక వేసిన కొసరు

గురమ్మ గొంతు గురించి భావనపాడులో చెప్పుకునే మాటల్లో సగం నిజాలు, మిగతా సగం అంతకన్నా నిజాలు. చేపలమ్మే ఆవిడ ఒడ్డున నిలబడి "నెత్తళ్ళో!" అని ఒక్క కేక వేస్తే, ఎవరో తమని పేరు పెట్టి పిలుస్తున్నారనుకుని సముద్రంలో ఆ చిన్నచేపలు వెనక్కి తిరిగి చూసేవట. ఒకసారి టెక్కలి సంత దగ్గర ఆవిడ బేరం మొదలుపెట్టగానే, వెనక లారీ హారను కొడుతోందనుకుని ఒక బస్సు డ్రైవరు బస్సుని మట్టిలోకి దింపి దారి ఇచ్చాడట. నెత్తళ్ళ సంగతి ఎవరూ చూడలేదు గానీ, బస్సు మట్టిలో దిగబడటం మాత్రం సంతంతా చూసింది.

అలాంటి గొంతు ఒక ఉదయం, చుట్ట కాల్చుకుంటూ కూర్చున్న చోటే ఆగిపోయింది. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మనిషి ఆవిడ. ఇన్నేళ్ళూ ఆ నిప్పుకే కాలని నాలుక, పక్షవాతానికి చచ్చుబడిపోయింది. కుడి చెయ్యి వేలాడిపోయింది. కాలు కొన్నాళ్ళకి కదిలింది, వంకరపోయిన మూతి కొంత సర్దుకుంది. మాట మాత్రం తిరిగి రాలేదు. బుర్రలో అన్నీ ఉన్నాయి. ఎవరేం చెప్పినా తెలుస్తుంది, నవ్వొస్తే నవ్వుతుంది, కోపమొస్తే కళ్ళెర్రజేస్తుంది. చెప్పాలనుకున్నది పెదాల దాకా వచ్చేసరికి "ఆఁ" అనే ఒక్క శబ్దమై తేలిపోతుంది.

ఒక్కగానొక్క కొడుకు అప్పలసూరి ఆవిడని విజయనగరం తీసుకొచ్చి, మూడు లాంతర్ల సెంటర్ వెనక సందులో తను అద్దెకుంటున్న ఇంట్లో పెట్టుకున్నాడు. కోడలు అనిత పరాయిది కాదు, గురమ్మకి తమ్ముడి కూతురే. పుట్టినప్పటినుంచీ ఆ గొంతు కింద పెరిగిన పిల్ల.

సూరి పని చేసేది ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో. చిన్నదంటే మరీ చిన్నది. మెట్ల మీద ఎదురుపడిన ఇద్దరిలో ఒకరు వెనక్కి దిగితే తప్ప రెండోవారు ఆఫీసులోంచి బయటపడలేరు. అక్కడ మిగతావాళ్ళు ప్రోగ్రాములు రాస్తారు. సూరి వాటిని మూట కడతాడు. ఏ ముక్క ముందు దిగాలి, ఏది తర్వాత దిగాలి, పాతవాటిని ఎప్పుడు తీసెయ్యాలి అనే వరస పేర్చి, ఎవరి కంప్యూటర్‌లోనైనా ఒక్క నొక్కుతో అమరిపోయేలా చేసి ఇవ్వడం అతని ఉద్యోగం. మాట ఉన్న రోజుల్లో గురమ్మ ఒకసారి అడిగింది.

"ఏటి సేత్తావురా నువ్వక్కడ?"

"మూటలు కడతానే అమ్మా."

"సేపలా?"

"కాదే. కంప్యూటర్లో ఏసే మూటలు."

"మరి కుళ్ళిపోవా?"

సూరి కాస్త ఆలోచించి, "కొన్ని కుళ్ళిపోతాయి" అన్నాడు.

"అయితే మన యాపారవే" అని గురమ్మ తృప్తిపడింది. ఆ తర్వాత ఇక ఆ ఊసెత్తలేదు.

ఆ మూటల్లో ఒకదాని పేరు 'పలుకుపలక'. మాట పడిపోయినవాళ్ళ కోసం కంపెనీ తయారు చేసింది. ట్యాబ్ మీద బొమ్మలుంటాయి. నీళ్ళ బొమ్మ తాకితే నీళ్ళు కావాలని పలుకుతుంది, మంచం బొమ్మ తాకితే పడుకుంటానని పలుకుతుంది. సూరి దాన్ని ఎన్నో ఆస్పత్రులకి మూట కట్టి పంపాడు. అది తిరిగి తిరిగి తన ఇంటి గుమ్మం ఎక్కుతుందని ఏనాడూ అనుకోలేదు.

మాట నేర్పే టీచరు శైలజ ఒక పునరావాస కేంద్రం నుంచి వచ్చేది. కేంద్రం వాళ్ళ ట్యాబ్ ఒకటి అరువుగా తెచ్చి గురమ్మ ఒళ్ళో పెట్టింది. గురమ్మ ఎడమ చేతి చూపుడు వేలితో నీళ్ళ బొమ్మని తాకింది.

"దయచేసి నాకు మంచినీళ్ళు ఇవ్వండి" అంది ట్యాబ్.

గురమ్మ ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూసింది.

అది హైదరాబాద్ స్టూడియోలో ఎవరో చదివిన గొంతు. పాలతో కడిగినట్టు తెల్లగా, మడత నలగని చీరలా ఉంటుంది. ఆ గొంతు తన తరఫున మాట్లాడుతోందని తెలిశాక గురమ్మ ట్యాబ్‌ని దూరంగా తోసేసి, గోడ వైపు తిరిగి పడుకుంది. జీవితంలో ఎవరినీ దయచేసి అని అడిగి ఎరగని మనిషి. నీళ్ళు కావాలంటే "ఒసే" అనడమే మొదలు.

ఆ రోజు నుంచి ఆవిడ గోడ వైపే ఉండిపోయింది. "ఆఁ" అనడం కూడా మానేసింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు గొంతు తగ్గించి, చంటిపిల్లతో మాట్లాడినట్టు మెత్తగా పలకరించేవారు. ఎవరూ ఎదురు చెప్పరు, ఎవరూ వెక్కిరించరు. పోట్లాడే తోడు లేని గురమ్మ, నీళ్ళలోంచి తీసేసిన చేపలా అయిపోయింది.

ఒక రోజు శైలజ సూరిని బయటకి పిలిచింది.

"అప్పలసూరి గారూ, ఏమనుకోకండి. ట్యాబ్‌లు చాలా తక్కువున్నాయి. రాజాంలో ఒక మాస్టారికి మాట పడిపోయి, దీని కోసం ఎదురు చూస్తున్నారు. అమ్మగారు ముట్టుకోకపోతే నేను తీసుకెళ్ళాలి."

"ఇంకొన్నాళ్ళు ఉంచండి మేడమ్."

"ట్యాబ్ సంగతి కాదండీ నా బెంగ. మనసులో ఉన్నది బయటపెట్టాలనే కోరిక ఇప్పుడు చచ్చిపోతే, తర్వాత ఏ మందుకీ తిరిగి లేవదు. అది చూసే అడుగుతున్నాను."

సూరికి ఆ మాట ముల్లులా దిగింది.

మర్నాడు స్నానం చేసి తల తుడుచుకుంటూ ఉంటే వంటింట్లోంచి ఒక కేక వినిపించింది.

"ఒసే, ఉప్పెక్కడెట్టినావే? నీ బుర్రలోనా?"

తువ్వాలు ఎక్కడ పడేశాడో తెలీదు, "అమ్మా!" అంటూ ఒక్క దూకులో వంటింట్లోకి వచ్చాడు. అక్కడ గురమ్మ లేదు. ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతున్న అనిత, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది.

"నువ్వా?" అన్నాడు సూరి.

"బావా, నీకు దండమెడతాను, అత్తకి సెప్పకు. సిన్నప్పట్నుంచీ అలవాటు. మా పిల్లగుంటలందరం అత్తలాగ మాటాడుకుని నవ్వుకునేవోళ్ళం. ఎటకారం కాదు బావా, ఒట్టు..."

"మళ్ళీ అను."

"ఏటి?"

"ఆ ఉప్పు మాట. మళ్ళీ అను."

అనిత భయపడుతూనే అంది. సూరి గుమ్మానికి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. తడి తలలోంచి కారిన నీళ్ళో మరేవో గానీ మొహం తడిసింది.

ఆ మధ్యాహ్నం గురమ్మ కునుకు తీస్తున్నప్పుడు, వంటింటి తలుపు చేరవేసుకుని భార్యాభర్తలిద్దరూ ఫోన్లో ఆ గొంతు నింపారు. నీళ్ళడిగే మాట, అన్నమడిగే మాట, ఫ్యాన్ వెయ్యమనే మాట, దుప్పటి, మందులు, నొప్పి, చుట్ట, చేపల బేరం. ప్రతి మాటకీ గురమ్మ ఎలా అంటుందో అనిత ఒక్క క్షణం ఆలోచించదు. నోరు తెరిస్తే చాలు, అత్త దిగేది. రెండు మాటల మధ్య కుక్కరు కూత కూడా పడింది. "ఉండనీ బావా, కుక్కరు మీద అరవకుండా అత్త మాటాడిందెప్పుడు?" అంది అనిత.

ఇక చెయ్యవలసింది ఆ మాటల్ని పలుకుపలకలో కలపడం. ఇక్కడే సూరి ఒక తప్పు చేశాడు. అలాంటి తప్పు ప్రపంచంలో మరే మూటలు కట్టేవాడూ చెయ్యడు. దానికి గురమ్మ కొడుకై పుట్టాలి.

మూట కట్టడం పూర్తయ్యాక కంపెనీ యజమాని తిరుమలరావు దాని మీద డిజిటల్ సంతకం పెడతాడు. పాతకాలంలో ఉత్తరం మడిచి లక్క ముద్ర వేసేవారే, అలాంటిది. ఇది ఫలానా వాళ్ళ దగ్గరనుంచి వచ్చింది, దారిలో ఎవరూ విప్పలేదు అని ఆ ముద్ర చెబుతుంది. ముద్ర వేశాక లోపల ఆవగింజ కదిలినా అది చెల్లదు. ఈ సంగతి సూరికి తెలీదా అంటే, అన్నం తినేటప్పుడు నోరు తెరవాలని తెలిసినంత బాగా తెలుసు.

కానీ గురమ్మ దగ్గర కొసరుకి ఒక ధర్మం ఉండేది. చేప తూచి, ఆకులో పెట్టి, ముడి వేసి చేతికిచ్చేస్తుంది. కొన్నవాళ్ళు వెనక్కి తిరిగి అడుగు వేశాక, "ఉండెహె!" అని ఆపి, ముడి మీదే ఇంకో గుప్పెడు నెత్తళ్ళు పడేస్తుంది. ఎవరైనా ముందే వెయ్యమంటే ఒప్పుకునేది కాదు. "ముడికి ముందేత్తే అది తూకం. ముడేసినాక ఏత్తేనే కొసరు" అనేది. చిన్నప్పుడు ఆ తట్ట పక్కనే కూర్చుని ఆకులు అందించిన చేతులు సూరివి. పైగా తిట్లూ శాపనార్థాలూ నిండిన ఆ గొంతుని యజమాని ముందు పెట్టి సంతకం అడగడానికి అతనికి మొహం చెల్లలేదు. తిరుమలరావు సంతకం పెట్టి వెళ్ళేదాకా ఆగాడు. తర్వాత మూట కొస విప్పి, అమ్మ గొంతుని గుప్పెడు కొసరులా పైన వేసేశాడు. తన కంప్యూటర్‌లో పెట్టి చూస్తే చక్కగా పలికింది. మూటలు కట్టేవాడి సొంత కంప్యూటర్ కాబట్టి అది ముద్రలూ అవీ అడగదు.

శైలజ తెచ్చిన ట్యాబ్ అడిగింది. కేంద్రం వాళ్ళు దాన్ని అలా కట్టుదిట్టం చేసి పెట్టారు. తెర మీద ఎర్ర గుర్తు పడింది. 'సంతకం చెల్లదు. సంతకం తర్వాత ఈ ప్యాకేజీ మారింది.'

"ఇది మీ కంపెనీదేనా? మధ్యలో ఎవరైనా చెయ్యి పెట్టారా?" అని అడిగింది శైలజ.

"నేనే పెట్టాను."

"మీరు పెట్టినా దొంగ పెట్టినా దీనికి ఒకటేనండీ." ఆవిడ గొంతులో కోపం లేదు. "సోమవారం నేను రాజాం వెళ్తున్నాను. వెళ్తూ ఇక్కడ ఆగుతాను. అప్పటికీ కుదరకపోతే ట్యాబ్ మాస్టారికిచ్చేస్తాను."

ఆవిడ వెళ్ళాక అనిత అడిగింది. "ఏటంటాది బావా అది?"

"నానెవలో తెలీదంటాది."

"నువ్వు కట్టిన మూటే నిన్నెరగదా? భలే లోకం!"

గురమ్మ అంతా చూస్తూనే ఉంది. ఆ ఎర్ర గుర్తు తన మీద పడినట్టు, మళ్ళీ గోడ వైపు తిరిగిపోయింది.

తిరుమలరావు లావుపాటి మనిషి. సంతకం పెట్టే టోకెన్ పెన్‌డ్రైవ్ లాంటిది. దాన్ని ఆయన ఇంటి తాళాలతో కలిపి మొలతాడుకి కట్టుకుంటాడు. విప్పడం ఆయన పద్ధతి కాదు. సంతకం పెట్టవలసి వచ్చినప్పుడల్లా వచ్చి కంప్యూటర్‌కి నడుము ఆనించి, పొట్ట లోపలికి పీల్చి, టోకెన్ గుచ్చి, సంతకం పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టి నిలబడతాడు. ఒకసారి పెద్ద ప్యాకేజీ మీద సంతకం పెడుతూ ఆయన నీలంగా మారిపోయాడని ఆఫీసులో చెప్పుకుంటారు.

సూరి తను చేసింది చెప్పాడు.

"సీలేసినాక సెయ్యెట్టేవా?" తిరుమలరావు కుర్చీలోంచి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. "ఏటయ్యా సూరీ, సంతకం అంటే ఏటనుకున్నావు? లోపలున్నదానికి నాది పూచీ అని. నాను ఇననిదానికి నానెలాగ పూచీ పడతాను? ముందే ఇనిపిస్తే ఏటి పోయేది?"

"తిట్లున్నాయి సార్."

"ఇనిపించు."

విన్నాడు. ఒక్కటి వదలకుండా అన్నీ విన్నాడు. పక్క గదిలోవాళ్ళు తలుపు దగ్గరకి చేరారు. 'ఒరే, ఆ కిటికీ తియ్యరా, నన్ను ఎండబెడతావేటి?' అన్న దగ్గర ఒకడు కిసుక్కున నవ్వాడు. తిరుమలరావు నవ్వలేదు.

"కంపెనీ పేరు మీద తిట్లకి సంతకం పెట్టమంటావా?"

"అయి తిట్లు కావు సార్. మా అమ్మ ఎవల్నీ బాగున్నావా అనదు. సచ్చేవా బతికేవా అంటాది. దానికర్థం అదే."

తిరుమలరావు కాసేపు బల్ల మీద వేళ్ళతో తాళం వేశాడు. "ఈ సుట్టడిగేది తీసెయ్. డాక్టరు మానిపించేడన్నావు."

"అడగనివ్వండి సార్. ఇవ్వడమే కదా మానేసేం."

ఆ మాటకి ఆయన సూరి మొహంలోకి చూసి, చూపు తిప్పుకున్నాడు. "సరే. కానీ అందరి మీదా మీ అమ్మని తోలకు. మూట విప్పేటప్పుడే ఏ గొంతు కావాలో అడగాల. హైదరాబాదావిడ కావాలన్నోళ్ళకి ఆవిడ, మీ అమ్మ కావాలన్నోళ్ళకి మీ అమ్మ. ఆ మెట్టు కూడా లోపలెట్టి, అప్పుడు నన్ను పిలు."

సూరి ఆ మెట్టు పెట్టాడు. ఎక్కడ పెట్టాడంటే, అన్నిటికన్నా ముందు. పోయినసారి అమ్మని చివర్లో పడేసి అవమానించానని అతనికి లోలోపల బాధగా ఉంది. ఇంట్లో పండు కోసినా అమ్మకి మొదటి ముక్క ఇచ్చే అలవాటు. మూటలోనూ అమ్మకే మొదటి పీట వేశాడు. తన కంప్యూటర్‌లో పెట్టి చూశాడు, పలికింది. తిరుమలరావు వచ్చి, నడుము ఆనించి, ఊపిరి బిగబట్టి సంతకం పెట్టాడు.

సోమవారం ఉదయం శైలజ సంచీ భుజాన వేసుకుని వచ్చింది. ఈసారి ఎర్ర గుర్తు పడలేదు. ట్యాబ్ మర్యాదగా లోపలికి రానిచ్చింది. 'ఏ గొంతు కావాలి?' అని కూడా అడిగింది. శైలజే 'గురమ్మ గొంతు' అన్నది నొక్కింది. అనిత మంచం అంచున కూర్చుని బతిమాలింది.

"అత్తా, ఒక్కసారి. నా కోసం ఒక్కసారి నొక్కు. మరింక అడగను."

గురమ్మ విసుగ్గా ఇటు తిరిగి, వేలు చాచి, నీళ్ళ బొమ్మ తాకింది.

"దయచేసి నాకు మంచినీళ్ళు ఇవ్వండి."

గురమ్మ అనిత మొహం కేసి ఒక చూపు చూసింది. కన్నీళ్ళు లేవు, కోపం లేదు. నువ్వు కూడానా అన్న చూపు. ట్యాబ్‌ని మంచం చివరకి తోసి, చీర కొంగు మొహం మీదకి లాక్కుంది.

సూరి ట్యాబ్ అందుకుని చూశాడు. చూడగానే తెలిసింది. అమ్మ గొంతు మొదట దిగింది. దాని తర్వాతి మెట్టు, పాత సామాన్లు ఏమున్నా ఊడ్చెయ్యడం. ఆ చీపురుకి పాతా కొత్తా తేడా తెలీదు. అమ్మని ఊడ్చేసి, శుభ్రమైన గదిలో హైదరాబాదావిడని కూర్చోబెట్టింది. ముగ్గు పెట్టి, ఆ తర్వాత వాకిలి ఊడ్చుకున్నాడన్నమాట. సంతకం మీద తప్పు లేదు. ఊడ్చిన వాకిలికి కూడా అది నమ్మకంగానే ముద్ర వేసింది. మూట ఎవరిది, మధ్యలో ఎవరైనా విప్పారా అన్నంతవరకే దానికి తెలుసు. కట్టినవాడు తెలివైనవాడా కాదా అన్నది దాని పని కాదు. ఇక తన కంప్యూటర్‌లో ఎందుకు పలికిందంటే, మొదటిసారి వేసిన కొసరు అందులో వేరే మూల ఇంకా మిగిలి ఉంది.

"మేడమ్, రాజాం బస్సుకి టైముందా?"

శైలజ వాచీ చూసుకోలేదు. మంచం మీద కొంగు కప్పుకున్న మనిషిని చూసింది. "బస్సులు వస్తూనే ఉంటాయి. అనితా, టీ పెడతావా?"

సూరి స్కూటరు ఎలా నడిపాడో గంటస్తంభం దగ్గరి ఆటోలవాళ్ళు చెప్పాలి. కొందరు చూశామన్నారు, కొందరు గాలి మాత్రమే తగిలిందన్నారు. ఆఫీసులో కూర్చుని మెట్లన్నీ విప్పి, మళ్ళీ పేర్చాడు. ముందు ఊడ్చడం. తర్వాత అందరికీ కావలసిన మామూలు సామాన్లు. ఆ తర్వాత ఏ గొంతని అడిగి, అమ్మని తెచ్చి కూర్చోబెట్టడం. లోపలి ముక్కలకి విడిగా సంతకాలు, అప్పుడు మూట, చివర్న మూట మీద ముద్ర. ముద్ర తర్వాత ఇంకేమీ లేదు.

తిరుమలరావు వెనకే నిలబడి చూస్తున్నాడు. "మళ్ళీ నీ కంప్యూటర్లోనే సూడకు. పాత కుండలో వండితే పాత వాసనే వస్తాది. ఆ కొత్తదాంట్లో పెట్టు, ఇంకా అట్టపెట్టె కూడా సరిగ్గా తియ్యలేదు."

కొత్తదాంట్లో పెట్టారు. హైదరాబాదావిడ కావాలంటే ఆవిడ పలికింది. మళ్ళీ మొదటినుంచీ పెట్టి గురమ్మ కావాలంటే, "ఒసే!" అని గది అదిరింది. తిరుమలరావు సంతకం పెట్టడానికి బిగబట్టిన ఊపిరి ఆ కేకకి టక్కున వదిలేశాడు. మళ్ళీ పీల్చుకుని పెట్టాడు. సూరి మెట్లు దిగుతుంటే పైనుంచి పిలిచి, పరీక్షలకి వాడే ఆఫీసు ట్యాబ్ ఒకటి చేతికిచ్చాడు.

"ఇది ఆ మాస్టారికిమ్మను. ఏ గొంతు కావాలో ఆయన్నే అడగమను."

ఇంట్లో శైలజ రెండో టీ తాగుతోంది. ట్యాబ్ మూటని రానిచ్చింది. 'ఏ గొంతు కావాలి?' అని అడిగింది. ఈసారి శైలజ తను నొక్కకుండా, మంచం పక్కన కూర్చుని పైకి చదివింది.

"ఏ గొంతు కావాలి? మామూలు గొంతా, గురమ్మ గొంతా?"

తన పేరు వినగానే కొంగు కింద కదలిక వచ్చింది. గురమ్మ మొహం బయటపెట్టి, తెర కేసి చూసింది. అక్షరాలు ఆవిడకి రావు. శైలజ వేలు పెట్టి ఏది ఏదో చూపించింది. గురమ్మ రెండిటినీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఎడమ చేతి వేలు మెల్లగా సాగి, తన పేరు మీద ఆనింది.

బొమ్మలు తెర మీదకి వచ్చాయి. సూరి ఊపిరి కూడా తిరుమలరావు ఊపిరిలాగే ఆగిపోయింది. గురమ్మ నీళ్ళ బొమ్మ తాకింది.

"ఒసే, గొంతెండిపోతాంది! నీళ్ళెట్టవేటే, నూతిలో పడ్డావా?"

గురమ్మ ట్యాబ్ కేసి చూసింది. దాన్ని వెనక్కి తిప్పి చూసింది. మళ్ళీ తాకింది. మళ్ళీ అదే కేక, చివర్లో కుక్కరు కూతతో సహా. అప్పుడావిడ తలెత్తి, నెమ్మదిగా, అనిత కేసి చూసింది.

అనిత గోడకి అతుక్కుపోయింది. "అత్తా, అదీ... నాను..."

గురమ్మ ఎడమ చెయ్యి చాచి దగ్గరకి రమ్మంది. అనిత వచ్చి వంగింది. గురమ్మ ఆ పిల్ల చెవి దొరకబుచ్చుకుని, బాల్యంలో మెలిపెట్టినట్టే గట్టిగా మెలిపెట్టింది. అనిత "ఓలమ్మో!" అంది. ఆ చెవి వదలకుండానే గురమ్మకి నవ్వు మొదలైంది. సగం మూతి నవ్వు కాస్తా, భుజాలు ఊగి, మంచం కిర్రుమని, "ఆఁ ఆఁ" అంటూ కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా సాగింది. చెవి నలిగిన అనిత కూడా అదే చోట కూలబడి, అత్త ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చిందో నవ్విందో ఎవరికీ తెలియలేదు.

శైలజ సంచీలో ఆఫీసు ట్యాబ్ పెట్టుకుని, గురమ్మ ట్యాబ్‌ని మంచం మీదే వదిలేసి, బస్సు కోసం వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం సూరి స్కూటరు బయటకి తీస్తుండగా, చేపల ధనలక్ష్మి సందులోకి వచ్చింది. చింతపల్లి సముద్రం ఒడ్డు నుంచి చేపలు తెచ్చి వీధి వీధీ తిరిగి అమ్మే మనిషి. ఈ గుమ్మం దగ్గరకి రాగానే గొంతు తగ్గించి, బేరమాడకుండా ఒక మంచి చేప ఎంచి ఇచ్చి పోవడం ఆమెకి అలవాటైంది. పాపం, తనలాంటిదే కదా అని. గురమ్మ వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది, ట్యాబ్ ఒళ్ళో ఉంది.

"ఎలాగున్నావు అక్కా? ఇదిగో, నీకని తెచ్చినాను" అని ధనలక్ష్మి మెత్తగా అంటూ తట్టలోంచి ఒక చేప తీసింది.

గురమ్మ చేపని చూసింది. వేలు బొమ్మల మీద తిరిగి ఒక చోట ఆగింది.

"దీని కళ్ళు సూడే! మొన్న సచ్చిన సేప ఇది. నాకమ్మీద్దావనా?"

ధనలక్ష్మి తుళ్ళిపడింది. ఇంట్లోకి తొంగి చూసింది. "ఎవలే అది?"

గురమ్మ మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే మాట. ఈసారి గడ్డం ఎత్తి, ధనలక్ష్మి మొహంలోకి సూటిగా చూస్తూ నొక్కింది.

"నువ్వా?" ధనలక్ష్మి మెత్తదనమంతా ఎగిరిపోయింది. "మొన్నటి సేపా? పొద్దున్న పడవ దిగింది! మొప్పలు సూడు, మొప్పలు! ఇన్నాళ్ళూ మూగిదాయని ఏరి ఏరి మంచియి ఎడితే, ఇదా నువ్వనేది? నీ కళ్ళే మొన్నటియి!"

వంటింటి కిటికీ దగ్గర అనిత నోరు నొక్కుకుని నిలబడింది. తన గొంతు వీధిలో జగడమాడుతుంటే ఆమెకి ఒళ్ళు ఝల్లుమంటోంది. గురమ్మ వెన్ను నిటారుగా లేచింది. జవాబు కావాలి. వేలు బొమ్మల మీద పరిగెత్తింది. అన్నం కాదు, దుప్పటి కాదు, ఫ్యాన్ కాదు. ఒక పేజీ తిప్పింది, మరో పేజీ తిప్పింది. సరైన మాట దొరకడం లేదు. ముక్కుపుటాలు అదురుతున్నాయి.

సూరి స్కూటరు తాళం వెనక్కి తిప్పి, ఇంజను ఆపేశాడు. సాయం చెయ్యబోయి, ఆగిపోయాడు.

ధనలక్ష్మి తట్ట దించి మెట్టు మీద పెట్టింది. దాని పక్కనే తనూ కూర్చుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది.

"ఎతుక్కో, ఎతుక్కో. నాకేటి తొందర? నువ్వేటంటావో ఇనకుండా నానిక్కణ్ణుంచి కదిల్తే ఒట్టు."